‘ముద్దు వైరస్’ వార్తలో ఎగిరిపోయిన సగం

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ‘ముద్దుతో మెదడుకు ముప్పు?’ అని వచ్చిన వార్త చదివిన పూటే రాద్దామనుకున్నాను. కోపంలో రాస్తే మాట తూలుతుందని నాలుగు రోజులు ఆగాను. ఆగినా తగ్గలేదు. హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం తగిలిస్తే ఏమైనా రాసెయ్యొచ్చని ఈమధ్య పత్రికలన్నీ నేర్చుకున్నాయి. మీరూ ఆ తానులో ముక్కే అనుకోవడానికి పాత చందాదారుడిగా మనసొప్పడం లేదు.

ముద్దుతో, ఎంగిలితో సోకే ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు) వస్తుందని ‘అమెరికా శాస్త్రవేత్తలు తాజాగా తేల్చారు’ అన్నారు. ఎవరా శాస్త్రవేత్తలు? పేరు లేదు. ఆ తాజా సంగతి ‘సైన్స్’ పత్రికలో 2022 జనవరిలోనే అచ్చయింది. హార్వర్డ్‌లో ఆల్బెర్టో ఆషెరియో బృందం చేసిన పని అది. కోటి మందికి పైగా అమెరికన్ సైనిక సిబ్బంది రికార్డులను, దాచి ఉంచిన వాళ్ల రక్త నమూనాలను 20 ఏళ్ల కాలానికి తిరగేశారు. 955 మందికి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చింది. నమూనాలు సరిపడా దొరికిన 801 మందిలో ఒక్కరికి తప్ప అందరికీ జబ్బు బయటపడేలోగా ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకి ఉంది. వైరస్ సోకాక రిస్కు 32 రెట్లు పెరిగిందని లెక్క తేలింది. ఇది చిన్న విషయం కాదు, గొప్ప పరిశోధనే. మీరు ఆ ‘32 రెట్లు’ ఒక్కటీ పట్టుకుని ఎర్ర బాక్సులో వేశారు.

వెయ్యనిది ఏమిటంటే, ఈ వైరస్ ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఒంట్లో ఉంటుంది. ఒకసారి వచ్చాక బి కణాల్లో (రక్తంలో ఒక రకం తెల్లకణాలు) నక్కి జీవితాంతం ఉండిపోతుంది. మన దేశంలో ఎక్కువమందికి పసితనంలోనే, ఎంగిలి ద్వారా, వచ్చినట్టు కూడా తెలియకుండా వచ్చేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో చాలామందికి కాలేజీ వయసులో సోకి జ్వరం, గొంతునొప్పి, మెడ దగ్గర బిళ్లలు కట్టి వారాల తరబడి నీరసం తెస్తుంది కాబట్టి ‘ముద్దు జబ్బు’ అన్న పేరు అక్కడ పుట్టింది. ఇంతమందిలో ఉన్నా మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చేది ఏ కొద్దిమందికో. ఈ ఒక్క వాక్యం వేసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు.

దాని ఫలితం చూడండి. మా వీధిలో ఒకావిడ ప్లాస్టిక్ కవర్లో ల్యాబ్ రిపోర్టు పట్టుకుని వచ్చింది. వార్త చదివి, మాఘంలో పెళ్లి పెట్టుకున్న కూతురికి టెస్టు చేయించిందట. ‘వీసీఏ ఐజీజీ: పాజిటివ్’ (అంటే ఈ వైరస్ ఎప్పుడో సోకిందని) లావాటి ఎర్ర అక్షరాల్లో ఉంది. దాని కింద ‘ఐజీఎం: నెగెటివ్’ (అంటే ఈమధ్య కొత్తగా సోకలేదని) కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనబడని సైజులో ఉంది. “మాస్టారూ, మగపెళ్లివారికి చెప్పాలంటారా?” అని అడిగింది. అది ఎప్పుడో చిన్నప్పుడు సోకిన దానికి గుర్తమ్మా, నాకు చేసినా, ఆ ల్యాబు ఓనరుకి చేసినా అదే వస్తుందని చెప్పాను. “మరి ఎర్రగా ఎందుకు వేశారు?” అంది. ఏం చెప్పను? ఆ టెస్టు ఇప్పుడు ప్యాకేజీలో కలిపేసి, బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టి మరీ అమ్ముతున్నారు. డాక్టరు చీటీ అక్కర్లేదు. జిల్లా వైద్యాధికారులు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. వాళ్లకి మంత్రిగారి పర్యటన ఉంటే తప్ప ఊళ్లో ల్యాబులున్నట్టు గుర్తుకురాదు.

టెస్టులే వద్దని నేననడం లేదు. హాంకాంగ్‌లో డెనిస్ లో అనే శాస్త్రవేత్త బృందం 20,000 మందికి పైగా మగవాళ్ల రక్తంలో ఈ వైరస్ డీఎన్‌ఏ వెతికి, ముక్కు వెనక గొంతులో వచ్చే కేన్సర్‌ను లక్షణాలు కనబడకముందే పట్టుకుంది. 2017లో అచ్చయిన పని ఇది. దొరికిన వాళ్లలో 71 శాతం మందికి అది మొదటి, రెండో దశలోనే ఉంది. మన దేశంలో ఆ కేన్సర్ ఎక్కువగా ఉన్నది నాగాలాండ్‌లో. అక్కడ ఇలాంటిది ఎందుకు మొదలుపెట్టరని మీ ఢిల్లీ విలేకరి ఆరోగ్య శాఖను అడిగితే అది వార్త. మా వీధి పెళ్లికూతురి ఐజీజీ వార్త కాదు.

ఇంకోటి. పేర్లు వెయ్యకపోవడం వల్ల మా వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి, ఈ వైరస్‌కు జైల్లో చచ్చిపోయిన ఆ అమెరికా జెఫ్రీ ఎప్‌స్టీన్ పేరు ఎందుకు పెట్టారని అడిగాడు. డజను మంది బొటనవేలు ఎత్తారు. వైరస్‌కు పేరొచ్చింది ఆయన వల్ల కాదు. ఈ ఎప్‌స్టీన్ లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేసిన ఆంథొనీ ఎప్‌స్టీన్. ఉగాండాలో పిల్లల దవడల్లో పెరిగే కణితుల గురించి సర్జన్ డెనిస్ బర్కిట్ 1961లో ఇచ్చిన ఉపన్యాసం విని దాని వెంటపడ్డాడు. 1963 డిసెంబరులో కంపాలా నుంచి కణితి ముక్క తెస్తున్న విమానం పొగమంచు వల్ల మాంచెస్టర్‌కి మళ్లింది. చేరేసరికి సీసాలో నీళ్లు మసకబారి ఉన్నాయి. పాడైపోయిందని పారబొయ్యకుండా మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, విడివిడిగా తేలుతున్న బతికున్న కణాలు! వాటిని పెంచి, 1964లో వైరస్‌ను చూశారు. ఆ కణితి కూడా మలేరియా ఎక్కువగా ఉన్న చోట్లే ఎక్కువ. అంటే వైరస్ ఒక్కటే చాలదని అప్పటి నుంచీ కనబడుతూనే ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పని చేసిన బెర్ట్ అచాంగ్ పేరు వైరస్‌కు ఎక్కలేదు. పేరెక్కిన ఎప్‌స్టీన్ సహాయకురాలు యివాన్ బార్ ఆస్ట్రేలియాలో స్కూల్ టీచరుగా మిగిలింది (మా వృత్తిలోకే వచ్చిందన్న మాట!). ఎప్‌స్టీన్ 2024 ఫిబ్రవరిలో 102 ఏళ్లు నిండి పోతే మన పేపర్లలో ఒక్క సింగిల్ కాలమ్ నా కంటపడలేదు. అరవై ఏళ్లు దాటినా టీకా ఇంకా ట్రయల్స్‌లోనే ఉంది. ఇదంతా రాయడానికి మీకు చోటుండదు, హీరోయిన్ డైట్‌కి అరపేజీ ఉంటుంది.

సవరణ వెయ్యండి. అదే పేజీలో, అదే సైజు హెడ్డింగుతో, పేర్లతో, సంవత్సరాలతో. చోటు చాలకపోతే వారఫలాల్లో మా వృశ్చిక రాశి తీసెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు.

— రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, తెనాలి