సామాజిక సేద్యం: ఫొటోలు సరే, లెక్కలేవీ?

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో సామాజిక సేద్యం మీద, అంటే మానసిక రోగులు, ఎదుగుదల లోపం ఉన్నవాళ్లు రైతుల పొలాల్లో, కొట్టాల్లో పని చేస్తూ గడిపే పద్ధతి మీద, రెండు పేజీల వ్యాసం వచ్చి పది రోజులైంది. తెలిసినవాళ్లు ఎవరైనా రాస్తారులే అని ఊరుకున్నాను. రాశారు, మెచ్చుకోలు లేఖలు మూడు. మూడూ ఒకే చేత్తో రాసినట్టున్నాయి. ఇక నాకు తప్పలేదు.

ఇది ఈమధ్యే ఐరోపాలో పుట్టిన ఆలోచన అని మీ విలేకరి రాశారు. ఈమధ్య అంటే ఎప్పుడండీ? ఇంగ్లండులోని యార్క్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ‘రిట్రీట్’ అనే మానసిక వైద్యశాల తెరిచింది 1796లో. రోగులను గొలుసులతో కట్టేసే రోజుల్లో అక్కడ గొలుసులు లేకుండా తోటపని, పొలంపని చేయించారు. బెల్జియంలోని గీల్ అనే ఊళ్లో రైతు కుటుంబాలు మానసిక రోగులను ఇంట్లో పెట్టుకుని, తమతోపాటు పొలానికి తీసుకెళ్లడం శతాబ్దాలుగా ఉన్న సంగతే. చరిత్ర రాయకపోయినా ఫరవాలేదు, లేని చరిత్ర రాయకండి.

అది చిన్న తప్పు. అసలు తప్పు వేరే ఉంది. రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ ఫొటోలే. గొర్రెపిల్లను హత్తుకున్న పిల్లాడు, నవ్వుతున్న రైతు, వెనకాల పచ్చటి పొలం. కింద ‘నిస్వార్థ సేవ’ అని వ్యాఖ్య. ఆ రైతుకు ఎవరు ఎంత ఇస్తున్నారో ఒక్క వాక్యం లేదు. సేవ అన్నామంటే ఇక డబ్బు మాట ఎత్తకూడదు కాబోలు. నేను ముప్పై ఏళ్లు సహకార సంఘంలో లెక్కలు రాసినవాణ్ణి. ఖర్చు పద్దు చూపించని సేవ ఎన్నాళ్లు నడుస్తుందో నాకు తెలుసు.

మా తమ్ముడి కొడుకు సంగతి చెబుతాను. ఇరవై ఆరేళ్లవాడు. చిల్లర లెక్కపెట్టలేడు, కొత్తవాళ్లతో మాట్లాడడు. ఇలాంటివాళ్ల కోసమే పెట్టిన ఒక కేంద్రానికి రెండేళ్లు పంపాం. అక్కడ పగలంతా పూసలు గుచ్చించేవారు. సాయంత్రం ఆ దండలు విప్పి, మర్నాడు మళ్లీ అవే పూసలు ఇచ్చేవారు. మావాడు విప్పడం చూశాడు. ఆ తర్వాత మళ్లీ వెళ్లనన్నాడు. ఇప్పుడు తెలిసిన రైతు కొట్టంలో ఉంటున్నాడు పొద్దంతా. ఆవు తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడితే ‘రేపోమాపో ఈనుతుంది’ అని వాడే ముందు చెబుతాడు. గడ్డి ఆలస్యమైతే ఆవు అరుస్తుంది. ఆ అరుపు తన కోసమేనని వాడికి తెలుసు. పూసలు ఎప్పుడూ అరవలేదు.

అయితే వాణ్ణి పక్కన పెట్టుకుని కొట్టం కడిగితే అరగంట పని గంటన్నర పడుతుంది. ఆ అదనపు గంట రైతుదే. ఇన్నాళ్లూ మొహమాటం కొద్దీ భరిస్తున్నాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఇంకెన్నాళ్లు భరిస్తాడు? సామాజిక సేద్యంలో అసలు ప్రశ్న ఆ గంటే.

దీన్ని తేల్చిన దేశాలు లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో ఇలాంటి సంరక్షణ క్షేత్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. మనిషి పొలంలో గడిపిన రోజుకు సంరక్షణ నిధుల నుంచి రైతుకు డబ్బు ముడుతుంది. చిన్న కమతానికి పాలు, పంట కాక మూడో రాబడి అది. దానివల్ల ఊళ్లో ఇంకో కుటుంబం నిలబడుతుంది, ఖాళీ అయిపోతున్న ఊరికి పగటిపూట నలుగురు మనుషులు వస్తారు. అక్కడా బాధలు లేవని కాదు. 2015లో ఈ బాధ్యతలో చాలా భాగం మునిసిపాలిటీల చేతికి వెళ్లాక రైతులు వాటితో విడివిడిగా ఒప్పందాలు కుదుర్చుకోవాల్సి వచ్చింది. కాగితాలు ఏ దేశంలోనైనా కాగితాలే.

ఇటలీ 1978లో చట్టం చేసి పిచ్చాసుపత్రులు మూసేసే పని మొదలుపెట్టింది. బయటికొచ్చినవాళ్లకు పని కావాలి కదా, సహకార సంఘాలు ముందుకొచ్చాయి. 1991 చట్టం ప్రకారం పని కల్పించే సామాజిక సహకార సంఘాల్లో పనివాళ్లలో కనీసం 30 శాతం మంది మానసిక రోగులు, వికలాంగుల వంటి వెనకబడినవాళ్లే ఉండాలి. సామాజిక సేద్యానికంటూ 2015లో 141వ నంబరు చట్టం వచ్చింది. అక్కడి సంఘాల్లో వాళ్లు కార్మికులు. మీ ఫొటోల్లో మాత్రం అతిథులు.

కార్మికులు అని ఒత్తి చెప్పడానికి కారణం ఉంది. పాత పిచ్చాసుపత్రులు చాలావాటికి సొంత పొలాలుండేవి. రోగులు పండించేవారు, కూలి దక్కేది కాదు, దాన్ని వైద్యం అనేవారు. ఎవరెవరికి ఎంత అని రాసుకోకపోతే రేపు ఈ క్షేత్రాలూ అదే దారి పడతాయి. మీ వ్యాసంలో ఆ భయం మచ్చుకైనా లేదు.

ఇక అధికారుల సంగతి. నేను చెప్పిన రైతు తరఫున అర్జీ పట్టుకుని నేనే తిరిగాను. వ్యవసాయం వాళ్లు ‘రోగుల సంగతి మాది కాదు’ అన్నారు. ఆరోగ్యం వాళ్లు ‘ఆవుల సంగతి మాది కాదు’ అన్నారు. సంక్షేమం వాళ్లు అర్జీ మీది ‘సామాజిక’ అన్న మాట చూసి, సామాజిక అడవుల పెంపకం అనుకుని అటవీ కార్యాలయానికి పంపారు. అటవీ కార్యాలయం వాళ్లే నయం, కనీసం కూర్చోబెట్టి, మొక్కలు ఎన్ని కావాలని అడిగారు. ఈ నాలుగు తలుపుల గురించి మీ పత్రిక ఎందుకు రాయదు? ఒకప్పుడు మీకు వారానికో వ్యవసాయ పేజీ ఉండేది. ఇప్పుడా చోట రాశిఫలాలు బాగా విస్తరించాయి.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఒక ఫొటో తగ్గించి, ఆ రైతుకు రోజుకు ఎంత ముడుతోందో, ఎవరిస్తున్నారో, పని చేసే మనిషి చేతికి ఏమొస్తోందో వేయండి. ఆ ‘నిస్వార్థ’ అన్న మాటకు సవరణ కూడా వేస్తే సంతోషం.

మావాడికి మీ పేజీ చూపించాను. వాడికి చదవడం రాదు. గొర్రెపిల్ల బొమ్మనే చాలాసేపు చూసి, దాని చెవి వెనక పిడుదు ఉందన్నాడు. కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఉంది.

ఇట్లు,
విశ్రాంత సహకార సంఘ ఉద్యోగి