మౌనమే అంగీకారమా?

సంపాదకులకు,

యూరో సంక్షోభంపై మీ వ్యాసం గ్రీసు అప్పుల దగ్గరే ఆగిపోయింది. అసలు చిక్కు ఓటింగ్ నిబంధనల్లో ఉంది. బడ్జెట్ లోటు తగ్గించుకోని యూరో దేశానికి జీడీపీలో 0.2 శాతం జరిమానా వేయాలని యూరోపియన్ కమిషన్ (ఈయూ కార్యనిర్వాహక సంస్థ) సిఫార్సు చేస్తే, సభ్యదేశాల మంత్రుల మండలి 10 రోజుల్లో ప్రత్యేక మెజారిటీతో తోసిపుచ్చాలి. లేదంటే ఆమోదించినట్టేనని 2011 చట్టాలు తేల్చాయి. మనకు మౌనం అర్ధాంగీకారం, అక్కడ పూర్తి అంగీకారం!

కష్టాల్లో పడ్డ యూరో దేశాలకు అప్పులిచ్చే సహాయ నిధి ఈఎస్ఎం (యూరోపియన్ స్టెబిలిటీ మెకానిజం)లో అత్యవసర ఓటుకు కూడా 85 శాతం మద్దతు కావాలి. దాదాపు 27 శాతం ఓటు వాటా ఉన్న జర్మనీ ఒక్కటి కాదంటే చాలు, పని ఆగుతుంది. యూరోపియన్ పార్లమెంటుకైతే అందులో ఓటే లేదు. 2015 జూలై 5న జరిగిన రెఫరెండంలో 61 శాతం గ్రీకు ఓటర్లు అప్పులిచ్చేవాళ్ల షరతులు వద్దన్నారు. ఎనిమిది రోజులకే వాళ్ల ప్రభుత్వం కొత్త షరతులకు తలూపింది. ఈ ఓటు వాటాల పట్టికను వచ్చే వ్యాసంలోనైనా వేయండి.

– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు