ఆయనతో బేరం మానేశా, మాట మానలేదు

చిరంజీవి చిన్నకు,

అమ్మ దీవించి రాయునది. మేమిక్కడ బాగానే ఉన్నాం. మీ నాన్నకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నా.

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన మాటకి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. పక్కన మనుషులున్నారు, పైగా అలాంటి సంగతులు నాకు ఫోన్‌లో నోటికి రావు. "అంతా పోయాక కూడా ఇంకా ఆ దేవుడికి దణ్ణం పెడుతున్నావా అమ్మా, ఆయన నీకేం చేశాడని?" అన్నావు. ఎగతాళికి అనలేదని తెలుసు. నీ గొంతులో కోపం ఉంది. అది నా తరఫున నువ్వు పడ్డ కోపం. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ఆయనేం చేశాడంటే, నీకు లెక్క చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. పోయిన చేను వెనక్కి రాలేదు. అప్పు తీరలేదు. కథల్లోలాగా ఎవరో తలుపు తట్టి మూట ఇచ్చి పోలేదు.

ఆ వాన సంగతి నువ్వు విన్నావే గానీ చూడలేదు. గింజ గట్టిపడి, రేపో మాపో కోత అనుకున్న వరి చేను. గాలివాన ఒక్క రాత్రిలో మొత్తం పడుకోబెట్టేసింది. పడిపోవడం ఒక ఎత్తయితే, నీళ్లు దిగకపోవడం ఇంకో ఎత్తు. పండిన గింజ తడిలో నానితే వెన్ను మీదే మొలకెత్తేస్తుంది. వంగి ఒక వెన్ను చేతిలోకి తీసుకుంటే గింజ కొసన తెల్లటి మొలక కనిపించింది, సూది మొనంత. నారుమడి పోసినప్పుడు ఆ మొలక కోసమే కదా రోజూ పోయి చూసుకునేది! ఈసారి దాన్ని చూసి గట్టు మీదే కూలబడ్డా.

దుబ్బులు నాలుగైదు కలిపి కట్టి నిలబెట్టాం. లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద కొడితే మొలక ఆగుతుందని వ్యవసాయాధికారి చెబితే ఆ పనీ చేశాం. మెరక వైపు కొంత దక్కింది. పల్లం మడి మొత్తం పోయింది. దక్కిన గింజ కూడా రంగు మారింది, కొనేవాడు మొహం తిప్పుకున్నాడు. కౌలు మాత్రం కౌలే. పండినా కట్టాలి, ఎండినా కట్టాలి.

దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారని నీకెక్కడో ఉంది కదా, అందుకే ఇంత వివరంగా రాశా. ఆ ఉప్పునీళ్లు కొట్టేటప్పుడు నేను దేవుడా దేవుడా అనుకుంటూ కొట్టా. మీ నాన్న నోరు మెదపకుండా కొట్టాడు. నా సాళ్లలోనూ ఆయన సాళ్లలోనూ గింజ ఒకేలా దక్కింది, ఒకేలా పోయింది. ఇది నీ దగ్గర దాచను. దాచి నిలబెట్టుకునే నమ్మకం నాకెందుకు?

ఆ తర్వాత మీ నాన్న దణ్ణం పెట్టడం మానేశాడు. ఇప్పటికీ పెట్టడు. నేను పెట్టమననూ అనలేదు. నేను పెడుతుంటే ఆయన వద్దనడు, వాకిట్లో కూర్చుని నా పని అయ్యేదాకా ఆగుతాడు. మాకు దాని మీద గొడవ రాలేదు. బయటివాళ్లకే ఎక్కువ బాధ.

వాళ్ల మాటలు కూడా రాయాలి. ఒకాయన వచ్చి దేవుడు పరీక్ష పెడుతున్నాడమ్మా అన్నాడు. ఇంకొకావిడ ఏ జన్మలో ఏ పాపం చేశారో అని నిట్టూర్చి పోయింది. ఇద్దరూ మంచివాళ్లే, కష్టంలో ఉన్నామనే వచ్చారు. కానీ ఆ మాటలు నాకు పంట పోయినదానికంటే ఎక్కువ తగిలాయి. మా గట్టుకి అటూ ఇటూ ఉన్న చేలన్నీ పడిపోయాయి. అందరూ కలిసి ఒకే పాపం చేశారా? ఎవరింట్లోనైనా ఇలాంటిది జరిగితే నువ్వు మాత్రం ఆ మాట అనకు బాబూ. వెళ్లి పనిలో ఒక చెయ్యి వెయ్యి, చాలు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో మీ నాన్న నిద్రపోయేవాడు కాదు. నడిరాత్రి లేచి వాకిట్లో తిరిగేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. ఆయన చూపు చూసి నాకు భయం పట్టుకుంది. పురుగుమందు డబ్బాలన్నీ తీసి మీ బాబాయి ఇంటికి చేర్చేశా. బాబాయికి ఉన్నదున్నట్టు చెప్పా. ఆయన రోజూ సాయంత్రం ఏదో పని పెట్టుకుని వచ్చి మీ నాన్న పక్కన కూర్చునేవాడు. డాక్టరు దగ్గరికి కూడా ఆయనే తీసుకెళ్లాడు. ఆ రాత్రుళ్లు నేను దేవుణ్ణి చేను అడగలేదు, డబ్బు అడగలేదు. తెల్లారి ఈ మనిషి లేచి కూర్చోవాలి, అంతే అడిగా. లేచాడు. బాబాయి వల్ల లేచాడా, డాక్టరు వల్లా, దేవుడి వల్లా అని నువ్వు అడుగుతావు. నేను విడదీసి చూడలేదు, చూడబుద్ధి కూడా కాలేదు. ఇదంతా నీకు రాస్తున్నానని మీ నాన్నకి చెప్పా. రాయి, వాడికీ తెలియాలిగా అన్నాడు.

చిన్నప్పుడు మా తాతయ్య భక్తుల కథలు చెప్పేవాడు. అందులో తుకారాం కథ ఈమధ్య పదే పదే గుర్తొస్తోంది. 17వ శతాబ్దం మనిషి, మరాఠీ నేల మీద దేహూ ఊరివాడు. కాస్త సేద్యం, కాస్త వ్యాపారం. 1630 ప్రాంతంలో వచ్చిన పెద్ద కరువులో భార్య తిండి లేక చనిపోయింది, పిల్లవాడూ పోయాడు. వ్యాపారం దివాలా తీసింది. ఆ తర్వాత తన వాటాకి వచ్చిన బాకీ కాగితాలన్నీ తీసుకెళ్లి ఇంద్రాయణి నదిలో పారేశాడంటారు. అంత లేమిలో ఉండి కూడా! ఆకలంటే ఏమిటో కళ్లారా చూశాక ఎదుటివాడి గుమ్మం ముందు నిలబడి బాకీ అడగడానికి ఆయనకి మనసు రాలేదేమో. నాకు ఆయన భక్తి కంటే ఈ పనే ఎక్కువ అర్థమవుతుంది.

ఆయనే ఇంకోమాట కూడా అన్నాడు. దివాలా తీయడం మంచిదయింది దేవా, కరువు పీడించడం మంచిదయింది, అందువల్లే నీ దగ్గరికి వచ్చా అని. అంత పెద్ద మనసు నాకు లేదు. పంట పోవడం మంచిదయిందని నేను ఎప్పటికీ అనను. మంచిది కాలేదు. ఆ పంట ఉంటే నీ చదువు ఆగేది కాదు.

నా దణ్ణం గజేంద్రుడి లెక్కలోది. పోతన భాగవతంలో ఆ ఏనుగు చివరికి నీవే తప్ప అన్నాడనే అందరూ చెబుతారు. అంతకు కొంచెం ముందే ఇంకో పద్యం ఉంది. దీనుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, ఉన్నాడు ఉన్నాడంటున్న ఆయన ఇంతకీ ఉన్నాడో లేడో అని ఏనుగుకి అనుమానం. అలా అడిగాడని విష్ణుమూర్తి రావడం మానేయలేదు. పోతన కూడా సేద్యం చేసుకునే బతికాడని చెబుతారు. నాగలి పట్టినవాడికి ఆ అనుమానం తెలియకుండా ఎలా ఉంటుంది చెప్పు?

నేనూ అదే చేస్తున్నా, అడుగుతున్నా. ఎందుకిలా చేశావని, ఉన్నావా అసలు అని. ఒక్కోరోజు తిట్టినంత పని చేస్తా. ఇది ఇస్తే అది చేస్తానని మొక్కుకోవడం మాత్రం మానేశా, ఆయనతో బేరం నాకు అచ్చిరాలేదు. కానీ అడగడానికి ఎదురుగా ఒకరుండాలి కదా. ఆయనే లేకపోతే నా కోపమంతా మీ నాన్న మీద పోయేది. ఆ పల్లం మడి కౌలుకి తీసుకుందామన్నది ఆయనే మరి. ఆ మాట ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో నాకు తెలుసు. వచ్చిన ప్రతిసారీ లేచి దేవుడి పటం ముందు కూర్చుని అక్కడ అనేశా. ఆయన విన్నాడో లేదో తెలియదు, మీ నాన్న మాత్రం వినలేదు. దేవుడు నాకేం చేశాడని అడిగావు కదా, నేను చూపించగలిగింది ఇదొక్కటే.

నీకు దణ్ణం పెట్టాలనిపించకపోతే పెట్టకు. నేను బాధపడతానేమోనని, నమ్ముతున్నట్టు నటించావో, అప్పుడు నిజంగా బాధపడతా.

అప్పు సంగతి మీ నాన్నే రాస్తానన్నాడు, రాయడని నాకు తెలుసు కాబట్టి నేనే చెబుతున్నా. ఈసారికి వడ్డీ కట్టేశాం. అసలు అలాగే ఉంది. పల్లం మడి వదిలేశాం, మెరక వరకే చేస్తున్నాం. నువ్వు డబ్బు పంపుతానని రాత్రి డ్యూటీలు కూడా చేస్తున్నావని మీ అత్త చెప్పింది. అది మానెయ్. ఆగిపోయిన పరీక్షలకి ఫీజు కట్టే గడువు ఎప్పుడో కనుక్కుని ఫోన్ చెయ్యి, మిగతాది మేం చూసుకుంటాం.

ఇట్లు,
అమ్మ