కథా సంకలనాల్లో రచయితల పరిచయాలు

సంపాదకులకు,

జనవరి పుస్తక మహోత్సవానికి అందేలా విజయవాడ చిన్న ప్రచురణకర్తలు కథా సంకలనాలు తయారుచేసే రోజులివి. కథల ఎంపికకు నెలలు పెట్టేవాళ్లు కూడా పుస్తకం చివర వచ్చే రచయితల పరిచయాలను మాత్రం ప్రెస్సుకు పంపే ముందు రాత్రి వాట్సాప్‌లో పోగేస్తారు. ఒకరికి పేజీన్నర, పక్కవారికి రెండు లైన్లు, ఇంకొకరికి ‘వివరాలు అందలేదు’. రెండు మూడు కథలే రాసిన కొత్తవాళ్ల సంగతి పాఠకుడికి తెలిసేది ఆ కాస్త చోటులోనే.

వివరాలు అడగాల్సింది కథ తీసుకున్నామని చెప్పిన రోజే, అనుమతి పత్రంతో కలిపి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అనుమతి ఎలాగూ రాతలో ఉండాలి. గడువు రాయకపోతే అది ఐదేళ్లకే అని లెక్క. ఆ కాగితం వెనకే ప్రశ్నలు వేయండి. ‘మీ గురించి క్లుప్తంగా రాయండి’ అంటే సన్మానపత్రం వస్తుంది. పేరు పుస్తకంలో ఏ అక్షరాలతో పడాలి, పుట్టిన ఊరు, ఇప్పుడుంటున్న ఊరు, చేసే పని, తొలి కథ ఏ పత్రికలో ఏ సంవత్సరం, వచ్చిన పుస్తకాలు. ఇంతే. ఎంత పెద్ద రచయితకైనా 70 మాటలు చాలు. ‘ప్రముఖ’, ‘సుప్రసిద్ధ’, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ తీసేస్తే సగం పరిచయాలు వాటంతటవే ఆ కొలతకు దిగుతాయి. పురస్కారాల్లో ఒకటో రెండో ఉంచితే సరి.

ఒక నమూనా: ‘పుట్టింది రేపల్లె దగ్గర. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. తొలి కథ 2011లో ఒక వారపత్రికలో వచ్చింది. ఒక కథాసంపుటి, కౌలు రైతుల మీద కొన్ని వ్యాసాలు.’ మిర్చి యార్డు అన్న మాట ఒక్కటి చాలు, పాఠకుడు వెనక్కి తిప్పి ఆ కథ మళ్లీ చూస్తాడు. పది బిరుదులు రాసినా ఆ పని జరగదు.

ఊళ్ల విషయంలో ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రేపల్లె బాపట్ల జిల్లాలోకి, నరసరావుపేట పల్నాడులోకి వెళ్లాయి. పాత పరిచయం దించేస్తే ఒకే పుస్తకంలో ఒకే ఊరు రెండు జిల్లాల్లో కనిపిస్తుంది. ఊరు, మండలం రాసి ఊరుకోవడం మేలు. పుట్టినరోజుకు సంవత్సరం చాలు. మనలో చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్లో తేదీ వేరు, ఇంట్లో చెప్పే తేదీ వేరు.

కలం పేరు వెనక ఎవరున్నారో చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా రచయిత ఇష్టం. చెప్పమంటే మాత్రం స్పష్టంగా చెప్పాలి. తెనాలి హోటళ్లలో పనిచేసిన ఎస్. నటరాజన్ ‘శారద’ పేరుతో రాశారు. ‘బీనాదేవి’ పేరుతో రాసింది భార్యాభర్తలిద్దరూ. ఇలాంటివి తెలియకపోతే పాఠకుడు పేరు చూసి మరేదో ఊహించుకుంటాడు.

సంకలనంలోకి తీసుకున్న కథ మొదట ఎక్కడ అచ్చయిందో, ఏ నెల, ఏ సంవత్సరమో పరిచయంలో ఇరికించకండి. దాని చోటు కథ చివర. తెలుగు కథలు సేకరించి దాచే శ్రీకాకుళం కథానిలయం లాంటి చోట్ల కథల ఆచూకీ వెతికేవాళ్లు ముందు చూసేది అక్కడే.

ఇక అచ్చు సంగతి. కథల పుస్తకాలకు మామూలుగా వాడే డెమ్మీ 1/8 సైజులో ఫారానికి, అంటే ఒక పెద్ద కాగితం రెండు వైపులా కలిపి, 16 పేజీలు. 208 పేజీలంటే సరిగ్గా 13 ఫారాలు. కథలే 204 పేజీలకు వచ్చాయనుకోండి, 20 మంది పరిచయాలకు పేజీకి మూడు చొప్పున ఏడు పేజీలు కావాలి. ఉన్నవి నాలుగు. కొత్త ఫారం తెరిస్తే ఖర్చని అక్షరాన్ని 9 పాయింట్లకు కుదిస్తారు. మామూలు మ్యాప్‌లిథో కాగితం సిరా పీల్చుకుంటుంది కాబట్టి ఆ సైజులో వత్తులు, గుడి దీర్ఘాలు పూడుకుపోతాయి. మొదటి పేజీ కంపోజ్ చేయకముందే ఆ ఏడు పేజీలు లెక్కలో వేసుకుంటే ఈ అవస్థ ఉండదు. ఫొటోల మీద మాకు పెద్ద మోజు లేదు. వేస్తే అందరివీ వేయాలి, 3×4 సెంటీమీటర్లకు కనీసం 354×472 పిక్సెళ్లు ఉండాలి. సభలో తీసిన గ్రూపు ఫొటోలోంచి కత్తిరించిన ముఖం అచ్చులో మసి ముద్దే.

ఫోన్లలో టైపుచేసే యూనికోడ్‌లో వచ్చిన పేర్లను పేజీలు కంపోజ్ చేసే అను ఫాంట్లలోకి మార్చినప్పుడు ప్రతి పేరూ మళ్లీ చూడాలి. ‘రాజ్‌కుమార్’లో జ కింద క వత్తు చేరిపోతుంది. ఇంగ్లిష్ ఈమెయిల్ చిరునామాకు ఫాంటు మార్చడం మరిస్తే తెలుగు ముక్కల గందరగోళంగా అచ్చవుతుంది. వరస అచ్చులో పడే పేరును బట్టి అకారాదిగా ఉంటేనే గొడవ లేదు. వయసు, పేరుప్రతిష్ఠల వరస పెడితే అలకలు తప్పవు. ‘డాక్టర్’ను పేరు ముందు ఉంచి కంప్యూటర్‌తో వరస కట్టిస్తే డాక్టర్లందరూ ‘డ’లో చేరతారు. దాన్ని ముందే తీసేయాలి.

ఆఖరి ప్రూఫులో ఎవరి పరిచయం వారికి పంపి మూడు రోజులు గడువివ్వండి. జవాబు రాకపోతే ఫోన్ చేసి చదివి వినిపించండి. ఫోన్ నంబరు అచ్చు వేయడానికి విడిగా ఒప్పుకోలు కావాలి, ముఖ్యంగా స్త్రీల విషయంలో. వేళాపాళా లేని ఫోన్ల బెడద వారికే ఎక్కువ. పత్రికల ఆదివారం సంచికల్లో కథ కింద నంబరు వేసేముందు మీరూ రచయితను ఒక మాట అడిగితే బాగుంటుంది.

ఇట్లు,
కథా సంకలనాలకు పనిచేసే కొందరు సంపాదకులు, ప్రూఫ్‌రీడర్లు,
గవర్నర్‌పేట, విజయవాడ