సౌర తుపానుకు మన లెక్క మనకు కావాలి

గౌరవనీయులైన కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2024 మే 10 రాత్రి లదాఖ్‌లోని హాన్లే మీద ఆకాశం ఎర్రబడింది. ఫొటోలు అందరం షేర్ చేసుకున్నాం. ఆకాశాన్ని అలా మార్చిన సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి వీచే విద్యుదావేశ కణాల ప్రవాహం, శ్రీహరికోట నుంచి వెళ్లిన మన సూర్య పరిశీలక నౌక ఆదిత్య-ఎల్1ను దాటుకునే వచ్చింది. ఆదిత్య ఉన్నది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. పవనం సెకనుకు 400 కిలోమీటర్లతో వస్తే మన చేతిలో ఉండేది గంట. 800తో వస్తే అరగంట. తుపాను ప్రభావం మన మీద ఎంత అన్న లెక్క ఆలోపే తేలాలి.

పవనం వేగం, సాంద్రత, అయస్కాంత క్షేత్రం ఇస్తే సూపర్‌కంప్యూటర్ భూమి అయస్కాంతావరణాన్ని, అంటే మన అయస్కాంత క్షేత్రం ఏలే అంతరిక్ష భాగాన్ని, లక్షల గళ్లుగా విడగొట్టి గణిస్తుంది. పవనంలోని క్షేత్రం దక్షిణానికి తిరిగిందా, పగటివైపు మన క్షేత్రరేఖలు తెగి దానితో అతుక్కుంటాయి, శక్తి లోపలికి దూరుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఇలాంటి నమూనాను అమెరికా సంస్థ నోవా 2016 నుంచి నిత్యం నడుపుతోంది. దాన్నే వాడుకుంటే పోలా అని మీ అధికారులు అనవచ్చు. చాలదు.

ఈ నమూనాలు సాధారణంగా భూకేంద్రం నుంచి రెండున్నర భూవ్యాసార్థాల దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి విద్యుత్ ప్రవాహాలను క్షేత్రరేఖల వెంబడి అయనావరణంలోకి, అంటే విద్యుదావేశ కణాలుండే పై వాతావరణ పొరలోకి, దించుతాయి. ఆ రేఖలు దిగేది కెనడా, నార్వే లాంటి చోట్ల. హైదరాబాద్ మీది రేఖ కొన్ని వందల కిలోమీటర్లు లేచి దిగిపోతుంది, ఆ సరిహద్దు మొహమే చూడదు. మన దగ్గరికి తుపాను వేరే దారిన వస్తుంది. ధ్రువాల వైపు పుట్టిన విద్యుత్ క్షేత్రం క్షణాల్లో భూమధ్యరేఖ దాకా చొచ్చుకొచ్చి, తిరునల్వేలి మీదుగా పోయే ఎలక్ట్రోజెట్ అనే విద్యుత్ ప్రవాహాన్ని కుదిపేస్తుంది. అయనావరణం అల్లకల్లోలమైతే జీపీఎస్ తప్పుతుంది. విమానాలకు దారి చూపే మన గగన్‌కూ తిప్పలే. 1989లో సౌర తుపానుకు కరెంటు పోయి కెనడాలోని క్యూబెక్ చీకటైనట్టు ఇక్కడా అవుతుందని భయపెట్టడం లేదు. మన బెడద వేరు, అంతే.

2024 సెప్టెంబరులో వాతావరణ అంచనాల కోసం అర్క, అరుణిక సూపర్‌కంప్యూటర్లు మొదలయ్యాయి. రుతుపవనాలకు ఇచ్చినట్టే ఈ లెక్కకూ రాత్రింబవళ్లు నడిచే వాటా ఇప్పించండి. ఆ నమూనాలు వదిలేసిన లోపలి భాగాన్ని జతచేయడానికి కొలతలు కావాలి. పై వాతావరణాన్ని కొలిచే గాదంకి రాడార్ అంతరిక్ష శాఖది, అలీబాగ్ అయస్కాంత కేంద్రం మీ శాఖ కిందిది, చౌటుప్పల్ అయస్కాంత కేంద్రం పరిశోధన మండలి సీఎస్ఐఆర్‌ది. ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలంటే మీ మాట కావాలి. తొలి పరీక్షగా 2024 మే తుపానునే మళ్లీ నడిపించి, ఫలితాలను విశ్వవిద్యాలయాలన్నిటికీ తెరిచి పెట్టించండి.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి