ఇంపాలా స్టీరింగ్ ఊడింది, ఐదు వారాల ఆలస్యం మాత్రం నాదే

నమస్తే. మా పాత కార్ల రిపేరు షెడ్డులో బండి పెట్టి, నెల దాటినా కబురు లేక ఫోన్లు చేసి విసిగిపోయిన వాళ్ళందరికీ ఇది రాస్తున్నాను. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా "రేపు అయిపోతుందండీ", "ఎల్లుండి పక్కా" అని చెప్పుకుంటూ వచ్చాను. ఇక ఆ మాట చెప్పడానికి నాకే సిగ్గేస్తోంది. అసలు జరిగింది ఇదీ.

మీలో చాలామంది షెడ్డు ముందు భాగంలో ఉన్న ఆకుపచ్చ ఇంపాలాను చూసే ఉంటారు. 1968 మోడల్ షెవర్లే, లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్. దాదాపు 18 అడుగుల పొడవు. అది లోపలికి వచ్చిందంటే బండ్లు నిలిపి పని చేసే నా రెండు బేల్లో ఒకటిన్నర దానికే. పద్మినీలు, బీటిల్, హెరాల్డ్ అన్నీ దాని వెనక ఇరుక్కుపోయాయి. కాబట్టి ఇంపాలా కథ తెలియకపోతే మీ బండి కథ కూడా తెలియదు. ఆ బండి యజమాని రాసుకోమన్నారు, పేరు మాత్రం వద్దన్నారు.

దాని కంప్లైంట్ చిన్నది. మలుపు తిరిగాక ఇండికేటర్ దానంతటది ఆగట్లేదు. హారన్ ఒకసారి మోగితే పదిసార్లు మోగదు. ఆ రెండింటి స్విచ్ స్టీరింగ్ చక్రం కింద కూర్చుంటుంది కాబట్టి ముందు చక్రం తీయాలి. "రెండు రోజుల పని సార్" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి తప్పు అదే.

చక్రం మధ్యలో నట్టు ఒకటే కనిపిస్తుంది గనక అది విప్పితే ఊడొస్తుందనుకుంటాం. బీటిల్‌కైతే నిజమే, నట్టు తీశాక అటూ ఇటూ కదిలిస్తే చాలాసార్లు చేతికే వచ్చేస్తుంది. ఇంపాలా అలా కాదు. షాఫ్టు, అంటే చక్రం కూర్చునే కడ్డీ, దాని చుట్టూ సన్నని గాట్లు ఉంటాయి. హబ్, అంటే చక్రం మధ్య భాగం, దాని లోపలా అలాంటివే. నట్టు బిగించిన కొద్దీ రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. దాని మీద యాభై ఏళ్ళకు పైగా తుప్పు, దుమ్ము, చేతి చెమట. పుల్లర్, అంటే చక్రాన్ని గుంజి తీసే పనిముట్టు, లేకుండా అది రాదు.

పుల్లర్ నా దగ్గర ఉండేది. ఎవరికో ఇచ్చాను. ఎవరికిచ్చానో గుర్తు లేదు, తీసుకున్న వాళ్ళకి గుర్తుండి ఉంటుంది. ఈ ముక్క చదువుతుంటే దయచేసి తెచ్చి ఇవ్వండి, ఏమీ అనను.

పుల్లర్ లేదు కదా అని నట్టు తీసి చక్రం వెనక మోకాళ్ళు ఆనించి గుంజాను. కదల్లేదు. రెండు రోజులు పెనట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేశాం. కదల్లేదు. అప్పుడు మా కుర్రాడు సుత్తి, చెక్కముక్క తెచ్చాడు. పాత అంబాసిడర్ల మీద పని నేర్చుకున్న వాళ్ళం, చెయ్యి అలవాటు చొప్పున అటే పోతుంది. షాఫ్టు మీద చెక్క పెట్టి ఒక దెబ్బ వేశాను. రెండో దెబ్బకి చెయ్యి లేపాక గుర్తొచ్చింది, ఇది 1968 బండి.

ఎందుకు ఆగానో చెప్తాను. జనరల్ మోటార్స్ వాళ్ళు 1967 మోడళ్ళ నుంచి స్టీరింగ్ కాలమ్‌ను, అంటే షాఫ్టు, దాని చుట్టూ ఉండే గొట్టాన్ని, గుద్దుకున్నప్పుడు లోపలికి ముడుచుకునేలా చేశారు. అంతకు ముందు ఎదురుగా గుద్దితే ఆ ఇనుప కడ్డీ నేరుగా డ్రైవర్ గుండెల్లోకి వచ్చేది. కొత్త పద్ధతిలో షాఫ్టు ఒకే కడ్డీ కాదు. ఒకదానిలో ఒకటి దూరే రెండు ముక్కలు, వాటిని పట్టి ఉంచేవి చిన్న ప్లాస్టిక్ పిన్నులు. గుద్దుకున్నప్పుడు అవి తెగి షాఫ్టు ముడుచుకుంటుంది. సుత్తి దెబ్బకి కూడా తెగొచ్చు, ఎందుకంటే ఆ దెబ్బ సుత్తిదో లారీదో పిన్నుకి తెలియదు కదా. వేడి చేద్దామన్నా అదే ప్లాస్టిక్ అడ్డం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే యజమానికి ఫోన్ చేసి, "సార్, ఒక దెబ్బ కొట్టాను, కాలమ్ చెక్ చేసేదాకా బండి కదపను" అని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, చూడండి" అన్నారు. నాలుగు రోజులు పట్టింది చూడటానికి. షాఫ్టులో ముందుకీ వెనక్కీ వదులు లేదు, పిన్నులు బాగానే ఉన్నాయి. నా అదృష్టం, అంతే. మీ బండ్లు వెనక ఉన్నాయని తెలిసీ ఇంపాలాను బయటికి తోయకపోవడానికి మొదటి కారణం ఇదే.

తర్వాత ఆన్‌లైన్‌లో ఒక పుల్లర్ సెట్ తెప్పించాను. అడ్డపట్టీ ఒకటి, మధ్యలో పెద్ద బోల్టు, పక్కన రెండు చిన్న బోల్టులు. ఇంపాలా హబ్‌లో రెండు మరల రంధ్రాలుంటాయి, వాటిలోకి చిన్న బోల్టులు దూర్చి, మధ్య బోల్టుతో షాఫ్టును తోస్తే చక్రం పైకొస్తుంది. చూడటానికి చాలా సులువు. సెట్‌లో వచ్చిన బోల్టులు పొట్టివి, హబ్‌లో రెండు చుట్లు కూడా పట్టవు. అందుకని నా డబ్బాలోంచి ఎం8 బోల్టులు తీశాను. అవి రెండు చుట్లు చేత్తోనే తిరిగాయి. మూడో చుట్టుకి బిగుసుకున్నాయి. తుప్పు అనుకుని పానా వేశాను. పుల్లర్ బిగించడం మొదలుపెట్టగానే ఎడమ బోల్టు మెత్తగా, వెన్నలోంచి వచ్చినట్టు బయటికొచ్చింది. దాని చుట్టూ మెరిసే సన్నటి తీగ. హబ్ లోపలి చూడీ, అంటే మర చుట్లు, మొత్తం దానితో పాటు వచ్చేసింది.

ఆ రంధ్రాలు మిల్లీమీటర్లవి కావు, అంగుళాలవి. 5/16 అంగుళం, అంగుళానికి 18 చుట్లు, యూఎన్‌సీ అనే అమెరికన్ రకం. 5/16 అంటే 7.94 మిల్లీమీటర్లు, ఎం8 అంటే 8. కంటికి తేడా తెలియదు. కానీ ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకి దూరం ఎం8కి 1.25 మిల్లీమీటర్లు, దీనికి 1.41. అందుకే మొదటి రెండు చుట్లు మోసం చేసి మూడోది కరుచుకుంది. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, చుట్ల దూరం కొలిచే పిచ్ గేజ్ డ్రాయర్‌లోనే ఉంది. తీయలేదు.

సరైన బోల్టుల కోసం రాణీగంజ్ వెళ్ళాను. "రెండున్నర సూత్ బోల్టులు, పొడుగువి" అన్నాను. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, రెండున్నర సూత్ అంటే సరిగ్గా 5/16. షాపాయన ఒక్క నిమిషంలో తెచ్చి పెట్టాడు. ఇంటికొచ్చి గేజ్ పెడితే అది విట్‌వర్త్, బ్రిటిష్ చూడీ. తమాషా ఏమిటంటే విట్‌వర్త్‌లో కూడా 5/16కి 18 చుట్లే. బాగున్న రంధ్రంలో చేత్తో చక్కగా దిగింది కూడా. కానీ దాని పళ్ళ కోణం 55 డిగ్రీలు, అమెరికన్ చూడీకి 60. లైసెన్స్ ప్లేట్ బిగించడానికైతే ఎవరూ పట్టించుకోరు. ఇంత బలంగా గుంజే చోట పళ్ళు పూర్తిగా ఆనుకోకపోతే రెండో రంధ్రం కూడా పోతుంది. పైగా అవి మామూలు ఇనుము, సాగిపోతాయి. మళ్ళీ వెళ్ళాను. నాలుగో షాపులో యూఎన్‌సీ హై టెన్సైల్, అంటే సాగని గట్టి స్టీల్, అలెన్ బోల్టులు దొరికాయి. ఈసారి గేజ్ జేబులో పెట్టుకునే వెళ్ళాను.

చెడిపోయిన రంధ్రానికి హెలికాయిల్ వేశాం. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త చూడీ కోసి, లోపల స్ప్రింగ్‌లాంటి స్టీల్ తీగ కూర్చోబెడతారు. దాని లోపలి కొలత పాతదే. డ్రిల్లు వేసేటప్పుడు పొడి కాలమ్ బేరింగ్‌లోకి పోకుండా గ్రీజు, గుడ్డ, టేపు అన్నీ వాడాం. ఆ సైజు కిట్ రావడానికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ ఇంపాలా కదల్లేదు, మీరూ కదల్లేదు.

ఈలోగా ఆన్‌లైన్ పుల్లర్ సంగతి కూడా తేలిపోయింది. ఎడమ బోల్టు ఊడిన ఆ ఒక్క బిగింపుకే మధ్య బోల్టు మొన పుట్టగొడుగులా విచ్చుకుంది. ఇక లాభం లేదని బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డుకి వెళ్ళాను. అక్కడి పెద్దాయన ఆ పుల్లర్‌ను తిప్పి తిప్పి చూసి, "సుత్తెతో కొట్టినవా అన్నా?" అన్నాడు. ఒక్కటే అన్నాను. "ఒక్కటైనా కొట్టుడే. గిది గుంజితెనే వస్తది, అది గూడ సక్కగ గుంజాలె" అన్నాడు. ఆయన కొత్త పుల్లర్ చేసిచ్చాడు. 20 మిల్లీమీటర్ల మందం ఈఎన్8 రకం స్టీల్ పట్టీ, అందులో రెండు పొడుగాటి గాడులు, కాబట్టి రంధ్రాల మధ్య దూరం మారినా సరిపోతుంది. మధ్య బోల్టుకి సన్న చూడీ, మొనకి విడిగా తిరిగే టోపీ. షాఫ్టు చివర నలగకుండా ఉండటానికి ఆ టోపీ. మొత్తం 3,200 రూపాయలైంది. ఆన్‌లైన్ సెట్‌కి పెట్టిన 1,800 దండగ.

పోయిన మంగళవారం కొత్త పుల్లర్ పెట్టాం. బ్యాటరీ వైరు తీశాం, బండి ముందు చక్రాలు తిన్నగా పెట్టాం, హబ్‌కీ షాఫ్టుకీ కలిపి తెల్ల పెయింటుతో గీత గీశాం. నట్టును పూర్తిగా తీయలేదు, చివర రెండు చుట్లు ఉంచాం. ఇది ఇంట్లో సొంతంగా చేసుకునే వాళ్ళు తప్పక గుర్తుంచుకోవాలి, లేకపోతే చక్రం ఒక్కసారిగా వదిలి మొహానికి తగులుతుంది. పావు చుట్టు బిగించడం, ఆగడం. మళ్ళీ పావు చుట్టు. ఆరోసారో ఏడోసారో, ఎవరో పక్కన టపాకాయ కాల్చినట్టు టప్‌మంది. కుర్రాడు రెండడుగులు వెనక్కి దూకాడు. చక్రం నట్టు మీద ఊగుతోంది.

కింద ఉన్న స్విచ్ బాగు చేయడానికి పట్టింది గంటన్నర. ఇండికేటర్‌ను వెనక్కి తన్నే ప్లాస్టిక్ ముక్క విరిగింది, హారన్ కాంటాక్ట్ నల్లబడింది. అంతే.

ఇక డబ్బు సంగతి. ఇంపాలా సార్‌కి రెండు రోజుల కూలీ, స్విచ్ ముక్క ఖరీదు మాత్రమే బిల్లు వేశాను. హెలికాయిల్, రెండు పుల్లర్లు, రాణీగంజ్ ఆటో ఖర్చులు నావి. హబ్‌లో ఒక రంధ్రానికి మరమ్మతు జరిగిందని బిల్లు మీదే రాసిచ్చాను, రేపు ఇంకో మెకానిక్ చేతికి వెళ్ళినా తెలియాలి కదా. వెనక ఇరుక్కున్న బండ్లకు ఈసారి వాషింగ్, గ్రీజింగ్ ఉచితం. మీ నెల రోజులకు అది సమానం కాదని నాకూ తెలుసు.

ఇకపై స్టీరింగ్ తీసే పనికి ఏ బండైనా 1,500 రూపాయలు, ఎన్ని రోజులు పట్టినా అంతే. బండి దింపుకునే ముందే హబ్ చూసి, దానికి సరిపడే సామాను నా దగ్గర ఉందో లేదో చెప్తాను. లేకపోతే మీ బండి మీ ఇంటి దగ్గరే ఉంటుంది, సామాను దొరికాక పిలుస్తాను. నా చేతికి వచ్చిన పద్మినీల హబ్‌లలో ఇలాంటి మర రంధ్రాలు లేవు, వాటిని వెనక నుంచి రెండు ముక్కల పట్టీతో పట్టుకోవాలి. అది కూడా బాలానగర్ పెద్దాయనకే చెప్పాను, శనివారం ఇస్తానన్నాడు. వేరే షెడ్ల వాళ్ళు పుల్లర్ అడిగితే ఇస్తాను. అద్దె లేదు, డిపాజిట్ ఉంది, ఈసారి పేరు కూడా పుస్తకంలో రాసుకుంటాను.

ఇంపాలా గురువారం వెళ్ళిపోతుంది. శుక్రవారం హెరాల్డ్ ముందుకొస్తుంది, దానికి బ్రేకులు తప్ప ఏమీ లేవు, సోమవారం సాయంత్రం తీసుకెళ్ళొచ్చు. బీటిల్ ఆ తర్వాతి బుధవారం. తెల్ల పద్మినీ శనివారం వచ్చే పట్టీ మీద ఆధారపడి ఉంది, అందుకే దానికి తేదీ చెప్పట్లేదు. నీలం పద్మినీ మేడమ్, మీ హారన్ బటన్ పోయిందని పుత్లీబౌలిలో కొత్తది వెతుకుతున్నారని మా కుర్రాడు చెప్పాడు. కొనకండి. అది నా డ్రాయర్‌లోనే ఉంది, పిచ్ గేజ్ పక్కన.