మా పందిరి పాటకి టికెట్టు లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

లైవ్ సంగీత కార్యక్రమాలకి వెళ్ళొచ్చిన అభిమానులు ఆ జ్ఞాపకాలన్నీ ఒకచోట దాచుకునేలా ఒక స్టార్టప్ సాయపడుతోందనీ, అది బాగా ఎదుగుతోందనీ మీ పేపర్లో చదివాను. మా పర్లాకిమిడికి మీ పేపరు పాతపట్నం మీదుగా వస్తుంది, ఒక్కోరోజు మధ్యాహ్నం అవుతుంది, ఆ రోజు మాత్రం కాఫీ టైముకే వచ్చింది. చదవగానే మా మేనల్లుడి ఫోను గుర్తొచ్చింది, అందుకే ఈ ఉత్తరం.

వాడు భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2025 జనవరిలో నవీ ముంబైలో కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ మూడు రోజులు పాడితే అందులో ఒక రోజుకి వెళ్ళాడు. చేతికి కట్టిన వెలిగే పట్టీ కూడా బయటికొచ్చేటప్పుడు తిరిగి ఇచ్చేయమన్నారట, ఇక మిగిలిందంతా ఫోన్లోనే. ఏ పాట తరవాత ఏ పాట పాడారు, ఎక్కడ నిలబడ్డాడు, పక్కన ఎవరున్నారు, అన్నీ అలాంటి ఒక యాప్‌లో ఎక్కించుకున్నాడు. ఇంటికొచ్చినప్పుడు చూపిస్తే నిజంగా ముచ్చటేసింది. "మామయ్యా, నీవి కూడా ఎక్కిద్దాం" అన్నాడు.

నా దగ్గరున్నది ఒక క్యాసెట్టు. శ్రీరామనవమి పందిట్లో పద్యనాటకం ఆడుతుంటే మా నాన్నగారు స్టేజీ పక్కన టేప్‌రికార్డర్ పెట్టి పట్టింది. లేబుల్ మీద సిరా చెదిరిపోయి ఏ సంవత్సరమో తెలియదు. హార్మోనియం ఎత్తుకుంటుంది, రాముడి వేషం ఆయన పద్యం అందుకుని రాగం సాగదీస్తుంటాడు, సరిగ్గా అప్పుడే మా తాతయ్య గొంతు: "ఒరే, తబలా వినబడ్డం లేదు, మైకటు జరపండ్రా!" మైకు కీచుమంటుంది, జనం నవ్వుతారు, ఆ పాడే ఆయన మాత్రం రాగం వదలకుండా అక్కణ్ణించే అందుకుంటాడు, ఆ తరవాత ఈలలూ వన్స్ మోర్లూ. మా తాతయ్య గొంతు మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. ఆ ఒక్క కేక మాత్రమే.

యాప్ ముందు ఆర్టిస్టు పేరు అడిగింది. ఆ నాటకంలో వేషాలు కట్టినవాళ్ళు బియ్యం మిల్లులో గుమస్తా, ఇద్దరు మాస్టార్లు, ఒక టైలరు. తెలుగులో పేరు కొడితే ఏమీ దొరకలేదంది, ఇంగ్లీషులో కొడితే ఎక్కడిదో రాక్ బ్యాండ్ చూపించింది. (సవరల మాటలు చెవితో విని రాసుకుని నిఘంటువే తయారుచేసిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది, అక్కడ కూర్చుని తెలుగు అక్షరం ఎక్కించలేకపోయాం.) వేదిక అని అడిగింది. మా ఊరికి ఇంగ్లీషు స్పెల్లింగులే మూడు నాలుగున్నాయి, పైగా ఒడియాలో పారలాఖెముండి, మనకి పర్లాకిమిడి, ఇక వీధి మొగలో పందిరి వాళ్ళ జాబితాలో ఎందుకుంటుంది! టికెట్టు లేదంటే అసలు ముందుకే కదల్లేదు. "టెన్షన్ పడకు మామయ్యా, ఏదో ఒకటి కొట్టేద్దాం" అన్నాడు వాడు. నేను వద్దన్నాను.

ఆ యాప్ తయారుచేసిన కుర్రాళ్ళకి మా మీద కోపమేం లేదు, టికెట్టు అమ్మిన చోట లెక్క ఉంటుంది, లెక్క ఉన్నచోట యాప్ పని సులువు, అంతే. కానీ మా వైపు పాటంతా చందాల మీద నడుస్తుంది. వినాయక చవితికి, దసరాకి, బరంపురం ఠాకురాణి యాత్రకి, ఎక్కడైనా సరే. ఇక్కడ మెలోడీ అని పిలిచే ఆర్కెస్ట్రా వాళ్ళు ఒక తెలుగు పాట, ఒక ఒడియా పాట, మధ్యలో హిందీ, ఇలా అర్ధరాత్రి దాటేదాకా లాగుతారు. 1936 ఏప్రిల్‌లో మా ఊరు ఒడిశాలోకి వెళ్ళింది, అయినా ఏ వీధిలోనూ చీటీ మీద తెలుగు పాట రాసిస్తే పాడనన్నవాణ్ణి నేను చూడలేదు. ఈ రాత్రుల్ని ఎవరూ లెక్కలో వేయకపోతే, ఇరవై ఏళ్ళ తరవాత ఆ యాప్‌లు చూసినవాళ్ళు ఇక్కడ పాటే లేదనుకుంటారు.

దీనికంటే నాకు పెద్ద బెంగ ఇంకొకటుంది. ఇలా పోగుచేసిన జ్ఞాపకాలు చివరికి ఎవరి చేతిలో పడతాయని. లండన్‌లో 2007లో పుట్టిన సాంగ్‌కిక్ సంగతే చూడండి, అభిమానులు తాము వెళ్ళిన కచేరీలన్నీ అందులో గుర్తు పెట్టుకునేవారు. 2017లో దాన్ని వార్నర్ మ్యూజిక్ కొనుక్కుంది, 2025లో అది సునో అనే ఏఐ సంగీత కంపెనీ చేతికి వెళ్ళింది. ఏ కచేరీలో ఏ పాటలు పాడారో అభిమానులే రాసిపెట్టే సెట్‌లిస్ట్ ఎఫ్ఎం, టికెట్లమ్మే లైవ్ నేషన్ చేతిలో ఉంది. ఇక జనం తమ పాటలు ఎక్కించుకునే పాత సోషల్ సైటు మైస్పేస్ అయితే, సర్వర్లు మార్చేటప్పుడు 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో చెప్పింది. 5 కోట్లకి పైగా పాటలు! మా ఇంట్లో చెదపురుగులు కూడా అంత తినలేదు.

చట్టం ఏమంటోందని మా మేనల్లుణ్ణే చూడమన్నాను. మన డేటా మనం మూటగట్టుకుని ఇంకో చోటికి పట్టుకుపోయే హక్కు 2019 నాటి బిల్లులో ఉందట. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టంలో అది ఎగిరిపోయింది. తుడిపేయమని అడగొచ్చు, మూట కట్టివ్వమని గట్టిగా అడగడానికి లేదు. ఐరోపాలో 2018 నుంచి ఆ హక్కు ఉంది. అద్దింట్లో సామాను పెట్టుకున్నవాడు ఖాళీ చేసేటప్పుడు కాల్చుకోవచ్చు గాని మోసుకుపోకూడదన్నట్టుంది మన పద్ధతి. దీని గురించి మన ఎంపీలు ఎవరైనా అడిగితే బాగుండును, అటు శ్రీకాకుళం వాళ్ళైనా సరే, ఇటు బరంపురం వాళ్ళైనా సరే.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు కూడా. ఎదుగుతున్న ఆ స్టార్టప్‌ని నేను అడిగేది పెద్ద పనేం కాదు: టికెట్టు లేని కార్యక్రమానికి ఒక గడి, తెలుగులోనూ ఒడియాలోనూ పేరు రాసుకునే వీలు, కంపెనీ అమ్ముడుపోయినా మూతబడినా మా ఫోటోలూ రికార్డింగులూ మేం దింపుకోవడానికి ముందుగానే ఒక బటన్. అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు 2002 నుంచి లైవ్ కచేరీలు దాస్తున్నారు, కళాకారులు ఒప్పుకున్నవే పెడతారు, చాలావాటిని ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. కాబట్టి చేయలేని పనేం కాదు.

కళాకారులు ఒప్పుకోవాలన్న మాట ఇక్కడా వర్తిస్తుంది. మన కాపీరైట్ చట్టంలో పాడినవాళ్ళకీ ఆడినవాళ్ళకీ 50 ఏళ్ళ హక్కు ఉంది. మన కోసం మనం రికార్డు చేసుకుంటే తప్పులేదు, నలుగురూ వినేచోట పెట్టాలంటే వాళ్ళనో వాళ్ళ వాళ్ళనో అడగాలి. అడిగితే కాదనేవాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు, అది వేరే సంగతి.

క్యాసెట్టుని కంప్యూటర్లోకి ఎక్కించే షాపొకటి బరంపురంలో ఉందట, వచ్చేవారం పట్టుకెళ్తున్నాను. రెండు కాపీలు తీయిస్తాను. రెండోది ఆ రాముడి వేషం ఆయన కొడుక్కి, మా పక్క వీధిలోనే ఉంటాడు, వాళ్ళ నాన్న పద్యం రికార్డై ఉందని అతనికింకా తెలియదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా